పామాయిల్ మిల్లు వ్యర్థజలం నుంచి కెరోటిన్, ఫినాల్స్ తీయడానికి ఏ గ్రీన్ సాల్వెంటు వాడాలి?

మీరు అడిగింది ఇది. ఏలూరు జిల్లాలో గంటకు 30 టన్నుల గెలలు ఆడించే పామాయిల్ మిల్లులో కెమిస్టుగా ఉన్నారు. రోజూ వందల కిలోలీటర్ల వేడి గోధుమరంగు నీరు కుంటల్లోకి పోతోంది. అందులో పామాయిల్‌కు ఎర్రరంగునిచ్చే కెరోటిన్, యాంటీఆక్సిడెంట్ గుణమున్న ఫినాల్స్ ఉన్నాయని చదివారు. పెట్రోలియం నుంచి వచ్చే హెక్సేన్ జోలికి పోకుండా, డీప్ యూటెక్టిక్ సాల్వెంట్లతోనో (రెండు గట్టి పదార్థాలు కలిసి ద్రవమైనవి), ఇథైల్ ఎసిటేట్‌తోనో వాటిని తీయవచ్చా, పైలట్ ప్లాంటు (చిన్న స్థాయి నమూనా ప్లాంటు) పెట్టమని యాజమాన్యానికి ధైర్యంగా చెప్పవచ్చా అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెబుతాను. ఫినాల్స్ తీయవచ్చు. కెరోటిన్ కోసం మాత్రం వ్యర్థజలం వైపు చూడకండి. ఫినాల్స్ తీయడానికి కూడా నీళ్లలో సాల్వెంటు పోసి గిలక్కొట్టే పద్ధతి వద్దు. నీటిని రెజిన్ కాలమ్ (ఫినాల్స్‌ను పట్టుకునే రెజిన్ గుళికలు నింపిన గొట్టం) గుండా పంపి ఫినాల్స్‌ను దాని మీద పట్టి, తర్వాత కొద్దిపాటి ఇథనాల్‌తో విడిపించండి. మీరు చదివిన డీప్ యూటెక్టిక్ సాల్వెంట్లు గొప్పవే, కానీ మీ నీటికి నప్పవు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పొరపాటు మీద ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లను దగ్గరగా చూశాను.

నా సంగతి రెండు ముక్కల్లో: ఇరవై రెండేళ్లుగా సంగ్రహణ ప్లాంట్లలోనే నా పని. మొదట మిరప, పసుపు ఓలియోరెజిన్లు (మసాలా దినుసుల చిక్కటి సారాలు), ఆ తర్వాత మలేసియాలో ఒక పామాయిల్ మిల్లు పక్కనే పెట్టిన పైలట్ ప్లాంటులో ఆరేళ్లు.

ఇక కెరోటిన్ లెక్క. కెరోటిన్ నీటిలో కరగదు. మీ వ్యర్థజలంలో ఉన్న కెరోటిన్ అంతా నీటిలో తేలుతున్న నూనె బొట్లలోనే ఉంటుంది. రోజుకు 20 గంటలు నడిస్తే మీ మిల్లు 600 టన్నుల గెలలు ఆడిస్తుంది. టన్ను గెలలకు 0.65 కిలోలీటర్ల చొప్పున సుమారు 400 కిలోలీటర్ల వ్యర్థజలం వస్తుంది. తాజా నీటిలో లీటరుకు 4 నుంచి 6 గ్రాముల నూనె ఉంటుంది, అంటే రోజుకు 2 టన్నులు. ముడి పామాయిల్‌లో కెరోటిన్ కిలోకు 500 నుంచి 700 మిల్లీగ్రాములు. గుంటలో మగ్గిన నూనెలో అంత మిగలదు, అయినా మిగిలిందనే అనుకుందాం. మొత్తం కలిపితే రోజుకు కిలో, కిలోంబావు. ఆ కిలో కోసం 400 కిలోలీటర్ల నీటిని సాల్వెంటుతో కడగాలా?

అదే రోజు మీ మిల్లు నుంచి ట్యాంకర్లలో వెళ్లే నూనె సంగతి చూడండి. 19 శాతం రికవరీ అనుకుంటే 114 టన్నులు. అందులో కెరోటిన్ 57 నుంచి 80 కిలోలు. రిఫైనరీలో బ్లీచింగ్ మట్టి కొంత పీల్చుకుంటుంది, మిగిలినది 240 డిగ్రీలు దాటిన వేడి దగ్గర నాశనమవుతుంది. ఎర్రటి నూనె లేత పసుపుగా మారేది అక్కడే.

పీచు సంగతి ఇంకా ఆసక్తికరం. స్క్రూ ప్రెస్ నుంచి వచ్చే పీచులో పొడి బరువు మీద 5 శాతం పైగా నూనె చిక్కుకుని ఉంటుంది. ఆ నూనెలో కెరోటిన్ కిలోకు 4,000 నుంచి 6,000 మిల్లీగ్రాములు, అంటే మామూలు పామాయిల్‌కు ఏడెనిమిది రెట్లు. విటమిన్ ఇ కూడా మెండుగా ఉంటుంది. గెలల బరువులో పీచు 13 శాతం అనుకుని, తేమ తీసేసి లెక్కిస్తే, మీ మిల్లులో రోజుకు తొమ్మిది పది కిలోల కెరోటిన్ బాయిలర్‌లో కాలిపోతోంది. అంటే వ్యర్థజలంలో ఉన్నదానికి సుమారు పది రెట్లు. పీచును ఆరబెట్టి వేడి ఇథనాల్‌తోనో, పెట్టుబడి ఉంటే అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్‌తోనో నూనె తీశాక కూడా ఆ పీచు బాయిలర్‌కు పనికివస్తుంది. నూనె పోయిన మేరకు వేడి కాస్త తగ్గుతుంది, అంతే. కెరోటిన్ మీద మీకు నిజంగా మనసుంటే అటు వెళ్లండి.

వ్యర్థజలంలోని నూనెను మాత్రం వదిలేయమనడం లేదు. దాన్ని డికాంటర్‌తో, సెంట్రిఫ్యూజ్‌తో తీయండి. దానికి ఏ సాల్వెంటూ అక్కర్లేదు. తెల్లవారుజామున గుంట చల్లబడినప్పుడు నీటి మీద నారింజరంగు మీగడ ముడతలు పడి కనిపిస్తుంది కదా, కూలీలు బొక్కెనలతో తోడి డ్రమ్ములకెత్తేది. అప్పటికి అది గాలికి, ఎండకు పాడై ఉంటుంది. ఆ నూనె నమూనా తెచ్చి డోబి (నూనె ఎంత పాడైందో చెప్పే సూచిక) చూడండి, అంటే 446 నానోమీటర్ల దగ్గర శోషణను 269 దగ్గరి శోషణతో భాగించడం. అంకె ఎంత పడిపోయిందో చూశాక కెరోటిన్ ఆశ మీరే వదిలేస్తారు. సబ్బుల తయారీదారులు దాన్ని స్లడ్జ్ ఆయిల్‌గా కొంటారు. అది చాలు.

ఇప్పుడు అసలు విషయం, ఫినాల్స్. ఇవి నీటిలో కరిగేవి కాబట్టి పండు నుంచి నూనెలోకి కాకుండా నీటిలోకే వస్తాయి. మలేసియన్ పామాయిల్ బోర్డులో రవిగాదేవి శంభంతమూర్తి బృందం వీటి మీద చాలాకాలం పనిచేసింది. వాళ్లు గుర్తించిన వాటిలో ముఖ్యమైనవి మూడు రకాల కెఫియోయిల్‌షికిమిక్ ఆమ్లాలు, వాటితో పాటు ప్రొటోకాటెచుయిక్ ఆమ్లం, పారా హైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్లం. 2011లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో వరుసగా వ్యాసాలు వచ్చాయి. గమనించవలసింది ఏమిటంటే, వాళ్లు ఆ నీటిని సెంట్రిఫ్యూజ్ చేసి పొరల వడపోతతో శుద్ధి చేశారే గానీ సాల్వెంటు పోయలేదు. ఆవిరితో గెలలను ఉడికించినప్పుడు నీరే సాల్వెంటు పని చేసేసింది. అంతకన్నా పచ్చని సాల్వెంటు లేదు. మనకు మిగిలింది ఆ పదార్థాన్ని అంత నీటి నుంచి పట్టుకోవడం.

ఇక మీరు అడిగిన సాల్వెంట్లు.

డీప్ యూటెక్టిక్ సాల్వెంటు అంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు, పేరు మాత్రమే కొత్త. జలుబుకు, కడుపునొప్పికి అమృతధార తయారు చేసుకునేవారు. పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు, కర్పూరం, మూడూ గట్టి పలుకులే. చిన్న గాజుసీసాలో వేసి మూత బిగించి కాసేపు ఊపితే, పొయ్యి అక్కర్లేకుండానే, పలుకుల అంచులు చెమర్చి, కాసేపటికి సీసా నిండా తేటనీరులాంటి ద్రవం తయారవుతుంది. మెంథాల్ సుమారు 42 డిగ్రీల దగ్గర, థైమాల్ 50 దగ్గర కరిగే పదార్థాలు. కలిస్తే గది వేడికే ద్రవంగా ఉంటాయి. 2003లో ఇంగ్లండ్‌లోని లీస్టర్‌లో ఆండ్రూ ఆబట్ బృందం కోలీన్ క్లోరైడ్, యూరియాలను ఒకటికి రెండు పాళ్లలో కలిపి ఇదే చూపించింది. 302 డిగ్రీల దగ్గర కరిగేదీ, 133 దగ్గర కరిగేదీ కలిస్తే 12 డిగ్రీలకే ద్రవం. కోలీన్ క్లోరైడ్ మీ జిల్లాలో కోళ్ల దాణా అమ్మే ప్రతి దుకాణదారుకూ తెలిసినదే. చవక, విషం కాదు. అందుకే పరిశోధకులకు ఇష్టం.

కానీ ఇది పనిచేసేది పొడి మీద. ఎండబెట్టిన ఆకు, తొక్క, పిండి తీసుకుని దీనితో నానబెడితే ఫినాల్స్ చక్కగా వస్తాయి. ఆ ద్రవానికి బలమంతా దాని అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలే. నీరు సగానికి మించితే ఆ అల్లిక తెగిపోతుంది. మీ వ్యర్థజలంలో 95 శాతం నీరే. అందులో పోస్తే అది సాల్వెంటుగా ఉండదు, నీటిలో కరిగిన ఉప్పూ యూరియా మాత్రమే మిగులుతాయి. పైగా ఇది ఆవిరి కాదు. ఫినాల్ వచ్చినా దాన్ని ఈ ద్రవం నుంచి వేరు చేయడానికి మళ్లీ రెజిన్ కాలమే కావాలి. అలాంటప్పుడు మొదటే రెజిన్ దగ్గరికి వెళ్లవచ్చు కదా.

నీటిలో కలవని రకం కూడా ఉంది. 2015 నుంచి మెంథాల్‌తోనూ, డెకనోయిక్ ఆమ్లంతోనూ చేసినవి వచ్చాయి. మెంథాల్, థైమాల్ జోడీ అందులో అందమైనది. సహజ మెంథాల్‌కు మన దేశమే ప్రపంచానికి పెద్ద వనరు. నేను కూడా దీని మీద ఎంతో ఆశ పెట్టుకుని ప్రయోగశాలలో నెలల తరబడి పనిచేశాను. సీసాలో ఫలితం బాగుంటుంది. ప్లాంటు లెక్క వేసినప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, నీటితో పాటు లీటరుకు అర గ్రాము కరిగి పోయినా 400 కిలోలీటర్లకు రోజుకు 200 కిలోలు పోయినట్టే. రెండోది ఇంకా పెద్దది. థైమాల్ సూక్ష్మజీవులను చంపుతుంది, వాము గుణమే అది. ఆ నీరు తర్వాత వెళ్లేది మీ బయోగ్యాస్ డైజెస్టర్‌లోకి. కిలోలీటరు నీటికి 28 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే బ్యాక్టీరియాను మీ చేతులతో మీరే చంపుకున్నట్టు అవుతుంది.

ఇథైల్ ఎసిటేట్ గురించి. ఆహార పరిశ్రమలో వాడుకలో ఉన్నది, 77 డిగ్రీలకే మరుగుతుంది, ఫినాల్స్‌ను బాగా లాగుతుంది. ప్రయోగశాలలో నేను ఇప్పటికీ దీన్నే వాడతాను. ప్లాంటులో మాత్రం ఒక అంకె గుర్తు పెట్టుకోండి: లీటరు నీటిలో ఇది సుమారు 80 గ్రాములు కరుగుతుంది. 400 కిలోలీటర్లకు 32 టన్నులు. ఒక గ్రాము ఇథైల్ ఎసిటేట్ పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి 1.8 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే 50,000 దగ్గర ఉన్న మీ నీటి సీఓడీకి (లీటరు నీటిలోని మలినాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్, మిల్లీగ్రాముల్లో) ఇంకో 1,45,000 తోడవుతుంది. దాన్ని మళ్లీ ఆవిరితో తోలి వెనక్కి తెచ్చుకోవాలి. కాలుష్యం తగ్గించడానికి మొదలుపెట్టిన పని నాలుగింతల కాలుష్యంతో మొదలవుతుంది. మొక్కజొన్న కంకులు, చెరకు పిప్పి నుంచి తీసే 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్‌ను 2023లో ఐరోపా సమాఖ్య ఆహార సంగ్రహణకు అనుమతించింది. హెక్సేన్‌కు అది మంచి ప్రత్యామ్నాయమే. కానీ నీటిలో ఇథైల్ ఎసిటేట్ కన్నా ఎక్కువే కరుగుతుంది, నిల్వలో పెరాక్సైడ్లు కడుతుంది. పొడి పీచుకు సరే, నీటికి కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది, వ్యాసాల్లో ఎవరూ రాయరు. మీ నీటిలో పండు జిగురు, సన్నటి పీచు, నూనె కలిసి ఉంటాయి. ఒక గాజుసీసాలో ఈ నీరు, ఇథైల్ ఎసిటేట్ సగం సగం పోసి ఊపి కిటికీలో పెట్టండి. పైన పసుపు పొర, కింద గోధుమ పొర రావాలి. వస్తాయి. మధ్యలో మూడోది కూడా వస్తుంది, చిక్కటి చింతపండు గుజ్జులాంటిది, నురగతో. మర్నాటికి కూడా విడదు. మీరు పోసిన సాల్వెంటులో మంచి భాగం ఆ గుజ్జులోనే చిక్కుకుంటుంది. మలేసియాలో మా సెపరేటర్లు మాటిమాటికీ ఆగింది దీని వల్లే.

కాబట్టి నా పద్ధతి ఇది. మిల్లులోని నీళ్లన్నీ కలిసిన గుంట దగ్గర మొదలుపెట్టకండి. మీ వ్యర్థజలంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ, 36 శాతం వరకు, స్టెరిలైజర్ కండెన్సేట్, అంటే గెలలు ఉడికించిన ఆవిరి చల్లబడి వచ్చే నీరు. మిగిలినది చాలావరకు క్లారిఫికేషన్ (నూనె తేర్చే దశ) బురద నీరు. కండెన్సేట్‌లో బురద తక్కువ, జిగురు తక్కువ. దాన్ని విడిగా ఒక పైపులో తీసుకోండి. రోజుకు 140 కిలోలీటర్ల చిల్లర వస్తుంది. నూనె తేర్చి, సెంట్రిఫ్యూజ్ చేసి, పొర వడపోతకు పంపి, చల్లార్చి, ఆ తేట నీటిని మాక్రోపోరస్ (పెద్ద రంధ్రాలున్న) రెజిన్ కాలమ్‌లోకి వదలండి. ఫినాల్స్ రెజిన్‌కు అంటుకుంటాయి, చక్కెరలు, లవణాలు నీటితో వెళ్లిపోతాయి. కాలమ్ నిండాక మంచినీటితో ఒకసారి కడిగి, 70 శాతం ఇథనాల్‌ను రెజిన్ ఘనపరిమాణానికి రెండు మూడింతలు పంపితే చాలు. వందల కిలోలీటర్ల నీటికి బదులు కొన్ని కిలోలీటర్ల స్పిరిట్ మీద పని జరుగుతుంది.

ఇథనాల్ ఆవిరి కావడానికి కిలోకు సుమారు 840 కిలోజౌళ్లు కావాలి, హెక్సేన్‌కు 335 చాలు. పేరుకు గ్రీన్ అయినా ఆవిరి ఖర్చు రెండున్నర రెట్లు. బొగ్గు కొనుక్కునే ఫ్యాక్టరీకి ఇది భారం. పామాయిల్ మిల్లుకు కాదు, ఎందుకంటే మీ పీచు, మీ పెంకులే మీకు ఇంధనం. ఇథనాల్ విషయంలో మీకున్న ఈ సౌకర్యం పక్క పరిశ్రమలకు లేదు. నేను సాల్వెంటును తూకం వేసేటప్పుడు చూసేవి మూడే: ఎంత నీటితో పోతుంది, ఎంత ఆవిరి తింటుంది, పోయినది తర్వాత ఎవరిని చంపుతుంది. చెట్టు నుంచి వచ్చిందా, పెట్రోలు నుంచి వచ్చిందా అన్నది ఆ తర్వాత. గ్రీన్ అంటే మండనిది అని కూడా అనుకోకండి. ఇథనాల్, ఇథైల్ ఎసిటేట్ రెండూ గది వేడికే అంటుకునే ఆవిరి ఇస్తాయి. మోటార్లు, స్విచ్‌లు ఫ్లేమ్‌ప్రూఫ్ అయితీరాలి.

ఇప్పుడు నా అనుభవంలో అన్నిటికన్నా ఖరీదైన పాఠం. ఒక మిల్లులో మేము మూడు నెలలు నమూనాలు తీసుకున్నాం. ఏ కాలమ్ పెట్టినా ఫినాల్స్ దాదాపు సున్నా, వచ్చిన ద్రావణం నల్లటి డికాషన్‌లా ఉండేది. రెజిన్ మార్చాం, ఇథనాల్ శాతం మార్చాం. చివరికి ఒక రోజు రాత్రి షిఫ్టులో నేనే డ్రైనేజీ వెంట టార్చిలైటుతో నడిచాను. నమూనా తీసే చోటుకు పది మీటర్ల ఎగువన ఒక కుర్రవాడు సున్నం బస్తా విప్పి కాలువలో గుమ్మరిస్తున్నాడు. ఆమ్లత తగ్గించడానికి ఎప్పటినుంచో చేస్తున్న పని, ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. క్షారంలో ఈ ఫినాల్స్ గాలి తగిలిన నిమిషాల్లో ఆక్సీకరణం చెంది నల్లబడతాయి. సున్నానికి ముందే పట్టుకోవాలి. మీ కండెన్సేట్ పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది, అది వరం. దాన్ని అలాగే ఉంచండి.

పరీక్ష విషయంలో కూడా జాగ్రత్త. ఫినాల్స్ మొత్తాన్ని రంగుతో కొలిచే ఫోలిన్ పరీక్షలో నీలిరంగు చూసి సంబరపడకండి. కొన్ని చక్కెరలు, ప్రొటీన్లు, ఇనుము కూడా అదే రంగు ఇస్తాయి. మిల్లు నీటిలో ఇవన్నీ ఉన్నాయి. ఒక్కో పదార్థాన్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో 280, 325 నానోమీటర్ల దగ్గర చూసిన అంకెనే యాజమాన్యం ముందు పెట్టండి.

అమ్మకం గురించి మీరు అడగలేదు, కానీ దానికే ఎక్కువ ప్లాంట్లు బలవుతాయి. ఇదే పని మధ్యధరా దేశాల్లో ఆలివ్ మిల్లుల నీటితో జరిగింది. అక్కడి హైడ్రాక్సీటైరోసాల్‌కు ఈనాడు మార్కెట్ ఉంది. దానికి కారణం మంచి సాల్వెంటు దొరకడం కాదు. 20 గ్రాముల ఆలివ్ నూనెలో హైడ్రాక్సీటైరోసాల్, దాని అనుబంధ పదార్థాలు కలిపి కనీసం 5 మిల్లీగ్రాములు ఉంటే రక్తంలోని కొవ్వులను ఆక్సీకరణం నుంచి కాపాడుతుందని సీసా మీద రాసుకోవడానికి 2012లో ఐరోపా సమాఖ్య అనుమతించింది. ఆ అణువుకు పేరు, ప్రమాణం, చట్టం చేకూరాయి. పామ్ ఫినాల్స్‌కు ఇంకా అలాంటి పేరు రాలేదు. మన దేశంలో దీన్ని ఆహార పదార్థంగా అమ్మాలంటే 2017 నాటి నాన్-స్పెసిఫైడ్ ఫుడ్ (ప్రమాణాలు ఇంకా నిర్ణయించని ఆహారం) నిబంధనల కింద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముందస్తు అనుమతికి సిద్ధపడాలి. సౌందర్య సాధనాల దారి ఇంతకన్నా దగ్గర. ఇథనాల్ నిల్వకు ఎక్సైజ్ లైసెన్సు కూడా తప్పదు, ఆ కాగితాలు యంత్రాల కన్నా ముందే కదిలించండి.

అమ్మకం కుదరకపోయినా ఒక లాభం ఉంది. ఫినాల్స్ డైజెస్టర్‌లోని బ్యాక్టీరియాకు కూడా ఇబ్బందే. అవి తగ్గిన నీరు డైజెస్టర్‌కు తేలిక. అయితే దీనితో ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) భారం తీరిపోతుందని యాజమాన్యానికి మాట ఇవ్వకండి. సీఓడీలో ఫినాల్స్ వాటా చిన్నది. ఉపరితల జలాల్లోకి వదలాలంటే బీఓడీ (మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములకు దిగాలి, ఆ బరువు మోసేది డైజెస్టరూ ఏరేషనే.

పైలట్ ప్లాంటు అడగవచ్చా అన్నారు. ఇప్పుడే వద్దు. ముందు రెండు లీటర్ల గాజు కాలమ్, ఒక చిన్న పంపు, ఇథనాల్‌ను ఆవిరి చేసి తీసే ఒక రోటరీ ఇవాపొరేటర్ అడగండి. వానాకాలంలో గెలలు పోటెత్తినప్పుడు ఒకసారి, గెలల రాక తగ్గి మిల్లు సగం రోజు నడిచేటప్పుడు ఒకసారి నీటిని కొలవండి. రెండింటికీ తేడా ఉంటుంది, ప్లాంటు పరిమాణం తక్కువ దిగుబడి నెలను బట్టి నిర్ణయించాలి. ఒకే రెజిన్ మీద యాభై సార్లు నింపి, విడిపించి, దాని శక్తి ఎంత తగ్గిందో చూడండి. మిగిలిన నూనె రెజిన్ రంధ్రాలను మూసేస్తుంది, నష్టం ఎక్కువగా అక్కడే. ఆ అంకె చేతిలో ఉంటేనే ఖర్చు లెక్క నిలుస్తుంది. పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ మీకు పక్కనే ఉంది, వెళ్లి మాట్లాడండి.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా 2021లో మొదలైన జాతీయ ఆయిల్‌పామ్ మిషన్ తర్వాత తెలంగాణలో వస్తున్న కొత్త మిల్లుల్లో ఉంటే ఒక మాట చెప్పండి. స్టెరిలైజర్ కండెన్సేట్‌కు వేరే కాలువ డ్రాయింగ్ దశలోనే పెట్టుకుంటే ఖర్చు కొన్ని పైపులే. కాంక్రీటు పోశాక అదే పనికి నేల పగలగొట్టాలి.

నమూనా తీసేటప్పుడు గోధుమరంగు సీసా వాడండి, మూతిదాకా నింపండి, కాస్త సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్ మూడున్నరకు తెచ్చి వెంటనే ఐస్‌లో పెట్టండి. స్టెరిలైజర్ తలుపు తెరిచిన సమయం సీసా మీద రాయండి. స్టెరిలైజర్ నుంచి ఆవిరి, నీరు వదిలే మూడు విడతల్లో (బ్లో-డౌన్‌లలో) మొదటిదానికీ చివరిదానికీ ఫినాల్స్‌లో తేడా ఉంటుంది కాబట్టి మూడింటినీ విడివిడిగా పట్టండి. ఫలితాలు రాగానే ఇక్కడే పెట్టండి, రెజిన్ ఎంపిక అప్పుడు కలిసి చూద్దాం.